పుస్తకం మూశాక ఎంత మిగిలింది?

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి ఈసారి వచ్చిన ఉత్తరాలూ మెయిళ్లూ దాదాపు అన్నీ చదువు గురించే. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను, బాగా పొడుగ్గా ఉన్నవాటిని కుదించాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు, అందుకని ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, నేను కాకినాడలో బీటెక్ సెకండియర్, ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్). ప్రతి యూనిట్ మూడు నాలుగుసార్లు చదువుతాను. రూమ్‌లో అన్నీ వచ్చినట్టే ఉంటాయి. హాల్లో ప్రశ్న చూడగానే "అరె, ఇది చదివాను కదా" అనిపిస్తుంది, ఏ పేజీలో ఏ మూల ఉందో కూడా గుర్తొస్తుంది, కానీ రెండు లైన్లు దాటి పెన్ను కదలదు. మా ఫ్రెండ్స్ నాకంటే తక్కువ చదివి ఎక్కువ మార్కులు తెచ్చుకుంటున్నారు. నాకు జ్ఞాపకశక్తి తక్కువా? టాబ్లెట్లేవైనా వాడొచ్చా?

జవాబు: టాబ్లెట్లు వద్దమ్మా, ఆ డబ్బుతో తెల్లకాగితాల కట్ట కొనుక్కో. ఎందుకో చెప్తాను.

ఏ పేజీలో ఏ మూల ఉందో గుర్తుంది అన్నావు. మరి జ్ఞాపకశక్తి లేనిదెక్కడ? పేజీ గుర్తుంది, పేజీలో ఉన్న విషయం బయటికి రావడం లేదు, అంతే తేడా. కళ్ల ముందున్నదాన్ని చూసి ఇది నాకు తెలిసిందే అని గుర్తుపట్టడం ఒక పని. ముందు ఏమీ లేకుండా లోపలి నుంచి తీసి కాగితం మీద పెట్టడం ఇంకో పని. నువ్వు నాలుగుసార్లూ మొదటి పనే చేశావు, పరీక్షలో అడిగేది రెండోది. రెండోసారి చదివేటప్పుడు వేగంగా సాగుతుంది, మూడోసారి ఇంకా వేగంగా సాగుతుంది, ఆ వేగాన్ని చూసి మనకు వచ్చేసిందనుకుంటాం. నిజానికి వచ్చింది అక్షరాలతో పరిచయం మాత్రమే.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ పిల్లలకు చిన్న పాఠాలిచ్చి, కొందరి చేత రెండోసారి కూడా చదివించారు, మిగతావాళ్ల చేత మాత్రం కాగితం మీద గుర్తున్నది రాయించారు, తప్పులు కూడా దిద్దలేదు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతం, రాసినవాళ్లకు 75. అదే వారం తర్వాత పెడితే తిరగబడింది, చదివినవాళ్లకు 42, రాసినవాళ్లకు 56. వరసగా నాలుగుసార్లు చదివించిన ఇంకో ప్రయోగంలో తేడా ఇంకా పెరిగింది, వారం తర్వాత నాలుగుసార్లు చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, ఒక్కసారి చదివి మూడుసార్లు రాసినవాళ్లకు 61. ఇందులో నాకు బాగా నచ్చే ముక్క ఏమిటంటే, బాగా గుర్తుంటుందని ముందుగా ధీమాగా చెప్పింది ఆ నాలుగుసార్లు చదివినవాళ్లే. నీ సంగతి అచ్చం ఇదే కదా. హాల్లోకి వెళ్లేముందు నీకు ధైర్యం ఎక్కువ, నీ ఫ్రెండ్స్‌కి తక్కువ. వాళ్లు ఎలా చదువుతున్నారో ఓసారి పక్కన కూర్చుని చూడు, పుస్తకం మూసి ఏదో గీస్తూనో గొణుగుతూనో ఉంటారు.

నీ సబ్జెక్ట్ నుంచే తీసుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ టెస్టులు. ఒక్కసారి నింపాదిగా చదువు, గీతలు గీయకు. పుస్తకం మూసెయ్, కనపడకుండా మంచం కింద పెట్టినా సరే. తెల్లకాగితం మీద రెండు సర్క్యూట్లూ గీయి, వాట్‌మీటర్ ఎటువైపు, ఏ వైండింగ్ ఓపెన్, ఏది షార్ట్. ఇక్కడే సగం మంది ఆగిపోతారు. ఆగిపోయినా పుస్తకం తెరవకు, కాసేపు బుర్ర గోక్కో, ఆ గోక్కోవడంలోనే చదువు ఉంది. తర్వాత నీకు నువ్వే అడుగు, ఓపెన్ సర్క్యూట్ టెస్టులో వచ్చేది ఐరన్ లాసే (ఇనుప కోర్‌లో వృథా అయ్యే పవర్) అని ఎందుకంటాం, కాపర్ లాస్ (వైండింగ్ తీగల్లో వృథా అయ్యేది) ఎక్కడికి పోయింది? నో లోడ్ కరెంట్ రేటెడ్ కరెంట్‌లో ఏ రెండు నుంచి అయిదు శాతమో ఉంటుంది, కాపర్ లాస్ కరెంట్ స్క్వేర్‌ని బట్టి ఉంటుంది కాబట్టి అది లెక్కలోకి రాదు. మరి షార్ట్ సర్క్యూట్‌లో ఐరన్ లాస్ ఎందుకు వదిలేస్తాం? రేటెడ్ కరెంట్ రావడానికి అయిదు పది శాతం వోల్టేజ్ ఇస్తే చాలు కాబట్టి కోర్‌లో ఫ్లక్స్ కొంచెమే ఉంటుంది. ఈ రెండు 'ఎందుకు'లకూ జవాబు వచ్చిందంటే సర్క్యూట్ బట్టీ పట్టే పనే లేదు, కారణాన్ని బట్టి నువ్వే గీయగలవు.

రాయడం అయ్యాక పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర పెన్నుతో దిద్దు. ఆ ఎర్రగా ఉన్నదే నువ్వు చదవాల్సింది, నీలంగా ఉన్నది నీకు వచ్చు, మళ్లీ మళ్లీ దాన్నే చదివి మురిసిపోకు. మర్నాడు కొత్త పాఠం మొదలుపెట్టేముందు పుస్తకం తెరవకుండా నిన్నటిది మళ్లీ రాయి, మూడు నాలుగు రోజులాగి ఇంకోసారి, పరీక్షకు వారం ముందు ఇంకోసారి. మొదట్లో చిరాగ్గా ఉంటుంది, ఏమీ రాదు, ఒక్క పేజీకే గంట పడుతుంది. ఇంత మొద్దునా అనిపిస్తుంది. ఆ రోజున వదిలేసి మళ్లీ చదవడంలోకి పారిపోయేవాళ్లే ఎక్కువ.

టైమ్ గురించి కూడా ఒక మాట. మీది ఆర్23 రెగ్యులేషన్ (యూనివర్సిటీ పరీక్షల నిబంధనలు) అయితే ఎక్స్‌టర్నల్ 70 మార్కులకు, పార్ట్ ఏలో రెండేసి మార్కులవి పది, పార్ట్ బీలో పదేసి మార్కులవి అయిదు, మూడు గంటలు. రెండు మార్కుల ప్రశ్నకు మూడు నిమిషాలు దాటనివ్వకపోతే పార్ట్ ఏ అరగంటలో అయిపోతుంది, చివర్లో పది నిమిషాలు చూసుకోవడానికి పోతే ఒక్కో పెద్ద ప్రశ్నకు 28 నిమిషాలు. ఇంట్లో ఒక్క పెద్ద ప్రశ్నైనా గడియారం ముందు పెట్టుకుని 28 నిమిషాల్లో రాసి చూడు. సబ్జెక్ట్ వచ్చి కూడా నాలుగో ప్రశ్న మధ్యలో బెల్ కొట్టించుకునేవాళ్లు ఎంతమందో స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లిన లెక్చరర్‌ని ఎవరినైనా అడుగు. మొదటి జవాబు ఆరు పేజీలు ఉంటుంది, చివరిది ప్రశ్న నంబర్ వేసి వదిలేసి ఉంటుంది. ఆరు పేజీలకి పదికి పన్నెండు ఎవరూ వేయరు కదా. అన్నట్టు దిద్దేవాళ్ల వైపు నుంచి ఇంకో మాట, ప్రశ్న నంబర్ మార్జిన్‌లో స్పష్టంగా ఉండి, బొమ్మ పెన్సిల్‌తో నీట్‌గా ఉండి, అడిగినదానికి జవాబు మొదటి పేరాలోనే కనిపిస్తే మా ప్రాణం లేచొస్తుంది.

ప్రశ్న: అనంతపురంలో బీఎస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. రోజుకు ఎన్ని గంటలు చదవాలి మేడమ్? ఒక సబ్జెక్ట్ పూర్తిగా అయ్యాకే ఇంకోటి మొదలుపెట్టాలా, రోజూ రెండు మూడు కలిపి చదవాలా? డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఎక్సర్‌సైజ్‌లో అన్నీ చేస్తాను, ఇంటర్నల్స్‌లో మాత్రం తప్పు మెథడ్ పట్టుకుంటున్నాను.

జవాబు: గంటల లెక్క నన్నడక్కు బాబూ. పన్నెండు గంటలు పుస్తకం ముందు కూర్చున్నవాళ్లనీ చూశాను, రెండు గంటలు చదివి లేచినవాళ్లనీ చూశాను. ఎంతసేపు కూర్చున్నావన్నది కాకుండా పుస్తకం మూసి ఎంత చెప్పగలవన్నది లెక్కపెట్టు. ఒక్కో దఫా నలభై యాభై నిమిషాలు, తర్వాత లేచి నాలుగడుగులు వేసి మంచినీళ్లు తాగి రా, చాలు.

నీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలో ఉంది. "హోమోజీనియస్ ఈక్వేషన్స్" అని పైన రాసి ఉన్న ఎక్సర్‌సైజ్‌లో పది లెక్కలున్నాయనుకో, మొదటిది చేసేసరికి వై ఈక్వల్స్ వీఎక్స్ పెట్టాలని తెలిసిపోతుంది, మిగతా తొమ్మిదింటికీ ఆలోచించాల్సిందే లేదు, చెయ్యి తనంతట తాను రాసుకుపోతుంది. పరీక్ష పేపర్లో ఆ హెడ్డింగ్ ఉండదు. ఇది ఎగ్జాక్టా, లీనియరా, బెర్నౌలీయా, హోమోజీనియసా అని తేల్చుకోవడమే సగం లెక్క, ఆ సగాన్ని నువ్వు ఎప్పుడూ సాధన చేయలేదు, ఎందుకంటే పుస్తకమే నీ బదులు చేసిపెట్టింది. రోరర్, టేలర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2007లో నాలుగు రకాల ఘనరూపాల ఘనపరిమాణం కనుక్కోవడం కాలేజీ పిల్లలకు నేర్పారు. ఒక్కో రకాన్నీ విడిగా ముగించుకుంటూ వెళ్లినవాళ్లకు సాధన సమయంలో 89 శాతం సరిగ్గా వచ్చాయి, అన్నీ కలగలిపి చేసినవాళ్లకు 60 మాత్రమే. వారం తర్వాత పరీక్ష పెడితే విడిగా చేసినవాళ్లకు 20, కలగలిపినవాళ్లకు 63. కాబట్టి నాలుగు ఎక్సర్‌సైజ్‌ల నుంచి మూడేసి లెక్కలు చీటీల మీద రాసి, డబ్బాలో వేసి కలిపి, చీటీ తీసి చెయ్యి. మొదట ఏ మెథడో, ఎందుకో ఒక్క లైనులో రాయి, ఆ తర్వాతే లెక్క. కొన్నిసార్లు మెథడ్ రాసి లెక్క చేయకుండా తర్వాతి చీటీ తీసినా మంచిదే, టైమ్ కలిసొస్తుంది.

సబ్జెక్టులు కలిపి చదవడానికీ ఇదే జవాబు. మనవాళ్లకిది కొత్తేం కాదు, అష్టావధానం ఎప్పుడైనా చూశావా? నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఇలా ఒక్కోటి అడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ ఉంటారు. అవధాని ఒకరి పద్యం పూర్తిగా ముగించి ఇంకొకరి దగ్గరికి వెళ్లడు, ఒక ఆవృత్తిలో పద్యం అడిగిన ఒక్కొక్కరికీ ఒక్కో పాదం చెప్పుకుంటూ వెళ్తాడు, నాలుగు ఆవృత్తులకి పద్యాలు పూర్తవుతాయి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన చిలిపి ప్రశ్నలతో అడ్డొస్తూనే ఉంటాడు, గంటలు కొడుతుంటే అవీ లెక్కపెట్టుకోవాలి. మళ్లీ ఒక్కొక్కరి దగ్గరికొచ్చినప్పుడల్లా వదిలేసిన పాదాన్ని లోపలి నుంచి తెచ్చుకోవాల్సిందే. చివర్లో కాగితం చూడకుండా అన్ని పద్యాలూ ధారణ చేసి అప్పజెబుతాడు. ఆవృత్తి ఆవృత్తికీ మధ్య ఎడం ఉండడం, ప్రతిసారీ గుర్తు తెచ్చుకోవాల్సి రావడం, ఈ రెండూ ఆ విద్య నడిచే తీరులోనే ఉన్నాయి. మనం పద్యాలు చెప్పలేకపోవచ్చు గానీ ఈ పద్ధతిని టైమ్‌టేబుల్‌లో పెట్టుకోవచ్చు. సోమవారం మ్యాథ్స్, ఫిజిక్స్, మంగళవారం కెమిస్ట్రీతో పాటు సోమవారం మ్యాథ్స్‌లో ఒక ప్రశ్న పుస్తకం చూడకుండా, ఇలా. ఒక్క సబ్జెక్ట్‌నే పదిహేను రోజులు పట్టుకుంటే చివరి సబ్జెక్ట్‌కి వచ్చేసరికి మొదటిది ఆవిరైపోతుంది. ఈ మరపుని జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తన చేత తనే బట్టీ పట్టించుకుని కొలిచి, 1885లోనే పుస్తకం వేశాడు. మరపు మొదట్లోనే బాగా వేగంగా ఉంటుందని ఆయన తేల్చాడు. మర్నాడే ఒకసారి చూసుకోమని చెప్పేది అందుకే.

ప్రశ్న: మేడమ్, వరంగల్‌లో మెకానికల్ థర్డ్ ఇయర్. ఏడు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. సప్లీలకి ఇరవై రోజులుంది. ఇంట్లో రెండే అని చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రోజూ పుస్తకాలు ముందేసుకుని ఫోన్ చూస్తూ కూర్చుంటున్నాను. ఒక్కోసారి అన్నీ వదిలేసి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోంది.

జవాబు: ముందు ఆఖరి వాక్యం సంగతి. ఆ ఆలోచన మళ్లీ మళ్లీ వస్తుంటే, ప్రాణం మీదికి తెచ్చుకోవాలనేంత వరకూ వెళ్తుంటే, చదువు సంగతి తర్వాత, ఈరోజే ఎవరికైనా చెప్పు. 14416కి ఫోన్ చెయ్యి, అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్, ఏ టైములోనైనా ఎత్తుతారు, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో కూడా ఏడు అని చెప్పెయ్. నాలుగు తిట్లు పడతాయి. రెండు అని చెప్పి ఏడు మోయడం దానికంటే బరువు, నీ బుర్రలో సగం ఆ అబద్ధం కాపలాకే పోతోంది.

ఇక పుస్తకాలు. ఏడూ పాసవ్వాలనుకోకు. కాగితం మీద ఏడు పేర్లూ రాసి మూడు గుంపులు చెయ్. నాలుగైదు మార్కుల్లో పోయినవి మొదటి గుంపు. పై సబ్జెక్టులకి ఆధారమైనవి రెండో గుంపు, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ (ఎస్‌ఓఎమ్) రాకపోతే మెషీన్ డిజైన్‌లో ప్రతి పేజీలోనూ తలుపులు మూసుకుంటాయి. అసలు పుస్తకమే తెరవనివి మూడో గుంపు. మొదటి రెండు గుంపుల నుంచి మూడు నాలుగు సబ్జెక్టులు తీసుకో, మిగతావాటికి ఫీజు కట్టి ఉంటే వెళ్లి రాసి రా, వాటి మీద ఒక్క రోజు కూడా ఖర్చుపెట్టకు. అయితే పై ఏడాదికి ప్రమోట్ అవడానికి ఎన్ని క్రెడిట్లు కావాలో మీ రెగ్యులేషన్‌లో చూసుకున్నాకే ఈ లెక్క ఖాయం చేసుకో, సీనియర్ చెప్పాడని కాదు, కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడుగు.

నీ రెగ్యులేషన్ పాత పేపర్లు అయిదారు తీసి, ఏ యూనిట్ నుంచి ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకో. ఒక్కో యూనిట్‌కీ సిలబస్ కొంచెమే, పెద్ద ప్రశ్నగా అడగదగ్గవి అందులో మహా అయితే అయిదారు ఉంటాయి, పేపర్ పెట్టేవాళ్లు తిరిగి తిరిగి వాటి దగ్గరికే రావాలి. ఎస్‌ఓఎమ్‌లో షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్స్ రాకుండా ఎవరూ గట్టెక్కలేదు. కాంటిలివర్, సింప్లీ సపోర్టెడ్, ఓవర్‌హ్యాంగింగ్ బీమ్‌లు మూడూ కలిపి వేసుకో, పాయింట్ లోడ్ ఒకసారి, యూడీఎల్ (పొడవునా సమంగా పడే లోడ్) ఒకసారి. సొల్యూషన్ చూసి అర్థమైందని పేజీ తిప్పేయకు. పీడీఎఫ్‌లో సాల్వ్ చేసి ఉన్న లెక్క ఎప్పుడూ అర్థమవుతుంది, అది చేసింది నువ్వు కాదు గనక. మూసి, మొదటి నుంచి, నీ చేత్తో చెయ్యి. పరీక్ష ముందు రాత్రి వాట్సాప్‌లో తిరిగే "పక్కా ఇంపార్టెంట్స్" మాత్రం తెరవనే తెరవకు, అందులో నువ్వు చదవనిది ఒకటి కనపడితే చదివినదంతా కూడా వణికిపోతుంది.

ఫోన్ చూస్తూ కూర్చోవడం బద్ధకం వల్ల అనుకోకు, పని కొండంత కనపడితే ఎవరి చెయ్యీ కదలదు. ఈరోజు ఎస్‌ఓఎమ్ మొత్తం అని కాదు, ఒక్క కాంటిలివర్ లెక్క అని రాసుకుని మొదలుపెట్టు.

ప్రశ్న: నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఇప్పుడు ఆదిలాబాద్‌లో బీకామ్ ఇంగ్లిష్ మీడియం. క్లాసులో అర్థమైనట్టే ఉంటుంది కానీ ఇంగ్లిష్‌లో రాయలేక గైడ్‌లో ఉన్నది ఉన్నట్టు బట్టీ పడుతున్నాను. ఒక్క పదం మర్చిపోతే తర్వాతదంతా పోతోంది.

జవాబు: బట్టీ పట్టే తెలివి ఉన్నవాడివి, అర్థం చేసుకుంటే ఇంకా సులువు. రెండు బరువులు ఒకేసారి ఎత్తుతున్నావు, విషయం ఒకటి, భాష ఒకటి. విడదీయి. ముందు తెలుగులో అర్థం చేసుకో, అందులో నామోషీ ఏమీ లేదు. పై చదువుల పుస్తకాలు తెలుగులో రావాలనే 1968లో తెలుగు అకాడమీ పెట్టారు, వాళ్ల కామర్స్ పుస్తకాలు మీ కాలేజీ లైబ్రరీలో దుమ్ము పట్టి ఉంటాయి, అడిగి తీయించుకో.

డిప్రిసియేషన్ తీసుకో, తరుగుదల. లక్ష రూపాయల మెషీన్, ఏడాదికి పది శాతం. స్థిర వాయిదాల పద్ధతిలో ప్రతి ఏడూ పదివేలే. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మొదటి ఏడు పదివేలు, రెండో ఏడు మిగిలిన తొంభై వేల మీద తొమ్మిదివేలు, మూడో ఏడు 8,100. ఇది మీ తమ్ముడికి తెలుగులో చెప్పు. వాడికి అర్థమైతే నీకు వచ్చినట్టే. ఇప్పుడు అదే నాలుగు చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయి, ఒక్కో వాక్యంలో ఒక్క సంగతి మించకుండా. వాక్యం అందంగా లేకపోయినా ఫర్వాలేదు. గ్రామర్ తప్పని మార్కులు కోసేవాళ్లు కామర్స్ పేపర్లో తక్కువ, లెక్కా టేబులూ సరిగ్గా ఉంటే చాలావరకు పనైపోతుంది. టెక్నికల్ పదాల స్పెల్లింగ్ మాత్రం తప్పకూడదు, వాటికి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజుకి అయిదారు చూడకుండా రాసుకో. ఇవి మాత్రం బట్టీ పట్టు, నేనేం అనను.

ప్రశ్న: అమ్మా, మాది నరసరావుపేట. మా అబ్బాయి ఇంజనీరింగ్, ఇంటి నుంచే కాలేజీకి వెళ్తాడు. పరీక్షలప్పుడు రాత్రి రెండు మూడు దాకా లైటు వేసే ఉంటుంది, గంటకోసారి టీ అడుగుతాడు, పక్కన ఫోను ఉంటుంది. పీడీఎఫ్ చదువుతున్నానంటాడు. నేను పది వరకే చదివాను, నాకేం తెలుస్తుంది? వాణ్ని ఎలా దారిలో పెట్టాలి?

జవాబు: మీకు తెలియాల్సిందంతా తెలుసండీ, మీ అనుమానం సరైనదే. టీలో కెఫీన్ తాగినదాంట్లో సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది, పదకొండింటికి ఇచ్చిన టీ తెల్లవారుజామున నాలుగింటికి కూడా సగం లోపలే ఉంటుంది. పగలు చదివినది బుర్రలో కుదురుకోవడానికి నిద్ర బాగా సాయపడుతుంది, ఆ నిద్రే తెగ్గోస్తే చదివింది సరిగ్గా నిలవదు. సాయంత్రం ఆరు తర్వాత టీ బదులు మజ్జిగ ఇవ్వండి, అలిగితే అలగనివ్వండి.

ఫోను లాక్కోకండి, ఆ వయసు పిల్లల దగ్గర అది యుద్ధానికి దారి తీస్తుంది. పీడీఎఫ్‌లు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోమని డబ్బులివ్వండి. ఫోను ఛార్జింగ్ మీ గదిలో పెట్టమనండి, మధ్యలో పావుగంట వచ్చి చూసుకోవచ్చని ముందే ఒప్పందం చేసుకోండి. పక్కింటి అబ్బాయి మార్కుల ఊసు ఎత్తకండి, అది చదువుకి పనికొచ్చిన దాఖలా నాకు ఇంతవరకు కనపడలేదు.

ఇంకోటి, పది వరకే చదివానని అనకండి. మీరే వాడికి మంచి పరీక్ష పెట్టగలరు. రాత్రి అన్నం తినేటప్పుడు "ఇవాళ ఏం చదివావురా, నాకర్థమయ్యేలా చెప్పు" అనండి. మధ్యలో "అదెందుకు?" అని అడగండి. నీళ్లు నమిలాడంటే అక్కడ వాడికి రాలేదని వాడికే తెలుస్తుంది, మీరు ఒక్క మాట అనక్కర్లేదు.

ప్రశ్న: డాలస్‌లో ఎంఎస్ మొదటి సెమిస్టర్. ఒక సబ్జెక్ట్‌లో ఓపెన్ బుక్ ఎగ్జామ్ అన్నారు. దానికి కూడా చదవాలా?

జవాబు: అక్కడే బోల్తా పడతారు. పుస్తకం పక్కన ఉంటుంది కానీ వెతుక్కునే టైమ్ ఉండదు, అడిగేది పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఉండదు. మామూలు పరీక్షకు చదివినట్టే చదివి, ఏది ఏ పేజీలో ఉందో ఒక కాగితం మీద నువ్వే రాసుకుని వెళ్లు. వారం వారం వచ్చే క్విజ్‌లూ అసైన్‌మెంట్లూ తేలిగ్గా తీసుకోకు, అక్కడ గ్రేడ్‌లో వాటి వాటా చాలా ఉంటుంది. ఫ్రెండ్ కోడ్ కాపీ కొట్టి ఇవ్వడం ఇక్కడ చూసీచూడనట్టు వదిలేస్తారేమో, అక్కడ దొరికితే సీటే పోవచ్చు, సీటు పోతే వీసా కూడా.

ప్రశ్న: హాస్టల్లో కంబైన్డ్ స్టడీస్ మంచిదేనా మేడమ్? (విజయనగరం నుంచి ఒకరు, నల్లగొండ నుంచి ఇద్దరు ఇదే అడిగారు.)

జవాబు: ముగ్గురు దాటితే అది చదువు కాదు, మిర్చి బజ్జీల మీటింగ్. ఇద్దరు ముగ్గురు కూర్చుని, ముందు ఎవరి పాఠం వాళ్లు చదువుకొచ్చి, పుస్తకాలు మూసి ఒకరికొకరు చెప్పుకుంటే మాత్రం దాన్ని మించింది లేదు. చదవకుండా వచ్చి "నువ్వు చెప్పరా, నేను వింటా" అనేవాడికి ఏమీ రాదు, చెప్పినవాడికి మాత్రం జన్మలో మర్చిపోలేనంత వస్తుంది. కాబట్టి చెప్పేవాడివి నువ్వే అయ్యేలా చూసుకో.

ప్రశ్న: రంగురంగుల హైలైటర్లతో గీసుకుంటే గుర్తుంటుందంటారు, నిజమేనా?

జవాబు: పేజీ అందంగా ఉంటుంది. డన్‌లాస్కీ అనే సైకాలజిస్టు బృందం 2013లో పది చదువు పద్ధతులను పరిశీలించి, హైలైట్ చేయడాన్నీ, మళ్లీ మళ్లీ చదవడాన్నీ తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో వేసింది. తనను తాను పరీక్షించుకోవడం, రోజుల ఎడంతో చదవడం, ఈ రెండింటికే పై స్థానం ఇచ్చింది.

ప్రశ్న: తిరుపతి నుంచి ఎంబీఏ విద్యార్థిని. యూనిట్ మొత్తం ఏఐకిచ్చి రెండు పేజీల నోట్స్ చేయించుకుంటున్నాను. టైమ్ బాగా కలిసొస్తోంది. తప్పేమైనా ఉందా?

జవాబు: కుదించి రాయడమే చదువులో కష్టమైన ముక్క, ఆ కష్టం అది పడింది, గుర్తుండే భాగ్యం కూడా దానికే. నీ చేతికొచ్చింది చదవడానికి ఇంకో రెండు పేజీలు. దాన్ని వేరేలా వాడుకో. యూనిట్ నువ్వు చదివాక "ఇందులోంచి పది ప్రశ్నలు అడుగు, నేను జవాబు రాసేదాకా నువ్వు చెప్పకు" అను. రాసి చూపించి, ఏం వదిలేశానో చెప్పమను. అది చెప్పినదాన్ని మళ్లీ టెక్స్ట్‌బుక్‌తో సరిచూసుకో, ఎందుకంటే అది ఎంత ధీమాగా నిజం చెబుతుందో అంతే ధీమాగా తప్పూ చెబుతుంది. నీ సిలబస్ పుస్తకంలో లేని నిర్వచనం అందంగా రాసుకుని వెళ్తే పేపర్ దిద్దేవాళ్లు దాన్ని ఏఐ చెప్పిందని వదిలిపెట్టరు.